కంటికి తగలని దెబ్బ

పెద్దాయన కంట్లో శుక్లం ఊగుతోంది. కన్ను కదిలినప్పుడల్లా గిన్నెలో నీళ్ళలా తొణుకుతోందని డాక్టరమ్మ పరికరంలోంచి తల ఎత్తకుండానే చెప్పింది.

"ఈ కంటికెప్పుడైనా దెబ్బ తగిలిందా?"

"లేదమ్మా," అన్నాడాయన, పక్కన కూర్చున్న భార్య వైపు చూడకుండా.

వీధిలో ఏ మొగుడూ పెళ్ళాం కీచులాడుకున్నా తీర్పు చెప్పేది ఆయనే. ఆడదాన్ని అదుపులో పెట్టుకోవడం ఎలాగో కుర్చీ వేసుకుని మరీ చెప్పేవాడు. కిందటేడు పక్కింటి పిల్ల మొగుడి చేతిలో దెబ్బలు తిని, దవడ వాచి వస్తే, సర్దుకుపొమ్మని హితబోధ మొదలుపెట్టాడు. అది సగంలో ఉండగానే వంటగదిలోంచి నీళ్ళ చెంబు వచ్చి కుడికంటికి తగిలింది. విసిరింది ఏళ్ళ తరబడి ఆయన అదుపులో ఉన్న భార్యే. మర్నాటికల్లా వీధి వీధంతా తెలిసిపోయింది. ఇప్పుడు తెలియాల్సిన డాక్టరమ్మకు తప్ప అందరికీ తెలుసు.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. శుక్లం పట్టిన లెన్సును చుట్టూ పట్టి ఉంచే సన్నని దారాలు తెగాయి. దెబ్బ వల్లయితే ఒక పక్కే తెగుతాయి, మిగతావి గట్టివే. శుక్లం తీసి, దాన్ని చుట్టి ఉన్న పొర సంచిలో ఆసరాగా రింగు పెట్టి, కొత్త లెన్సు నిలబెట్టొచ్చు. దెబ్బ లేకుండానే ఊగుతోందంటే పుట్టుకతో వచ్చిన జబ్బు. మిగిలిన దారాల్నీ నమ్మడానికి లేదు. సంచితో సహా తీసేసి, కొత్త లెన్సును కంటి గోడకు కుట్టాలి. అది పెద్ద ఆపరేషను. ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ అలంకారానికే గనక, ఇది పాడైతే ఇక చీకటే.

"మీ వంశంలో ఎవరికైనా ఇలా ఉందా?"

"మా నాన్నకీ ఊగేది," అన్నాడు తడుముకోకుండా. మా తాతకీ అని కలిపాడు.

అయితే ఈ జబ్బు గుండెనూ పట్టి ఉండొచ్చు, అదీ పరీక్ష చేయించాలంది డాక్టరమ్మ. పిల్లల్నీ మనవల్నీ తీసుకురమ్మంది. అన్నిటికీ సరేనన్నాడు. చెంబు మాట బయటపడకపోతే చాలు, వంశం మొత్తాన్నీ రోగిష్టిని చేయడానికి ఆయన సిద్ధమే.

డాక్టరమ్మకు అనుమానం వచ్చింది. భార్య వైపు తిరిగి, మీరైనా చెప్పండమ్మా అంది.

పెద్దాయనకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ నోరు జారితే కన్నూ దక్కుతుంది, చెప్పిన పాపమూ ఆవిడదే అవుతుంది. ఇంటికెళ్ళి నోటిదురుసు మీద చీవాట్లు కూడా పెట్టొచ్చు.

ఆవిడ కొంగు సర్దుకుంది.

"ఆయన ఒకటి చెప్పాక నేను ఇంకోటి చెప్పకూడదండీ. మా ఇంట్లో పద్ధతి. ఆయన్నే అడగండి."

ఆ పద్ధతి పెట్టినాయన చూపు ఎదురుగా తిప్పాడు. ఎదుటి గోడ మీద అక్షరాల అట్ట ఉందట, ఆయనకు గోడే సరిగ్గా ఆనలేదు.

"చెంబు," అన్నాడు చివరికి.

"ఏ పక్క నుంచి తగిలింది?"

"వంటగది పక్క నుంచి."

డాక్టరమ్మ నవ్వలేదు. మళ్ళీ కన్ను పరీక్షించి, ఒక పక్కే తెగాయని, రింగుతో సరిపోతుందని చెప్పింది.

ఆపరేషను బాగా జరిగింది. అడిగిన వాళ్ళందరికీ అది పుట్టుకతో వచ్చిన జబ్బేనని పెద్దాయన వివరంగా చెప్పాడు. వీధివాళ్ళు మర్యాదగా తలూపారు. చూపు బాగుపడింది కదా, వాళ్ళు నవ్వు ఆపుకోలేక పెదవులు బిగబట్టడం ఈసారి ఆయనకు స్పష్టంగా కనిపించింది.