కారణం రాసే గడి

నల్లబట్టలు ఒక్క జతే ఉన్నాయి. వారానికి రెండుసార్లు జిబుయిలే వాటిని వేకువనే ఉతికి, పొయ్యి పక్కన కుర్చీ మీద ఆరేసి, సగం తడి ఉండగానే ఒంటికి తగిలించుకుంటుంది. మొగుడు పోయిన ఆడది ఏడాదిపాటు నలుపులో ఉండాలి. గట్టిగా మాట్లాడకూడదు, పదిమంది ఎక్కే టాక్సీలో అందరి వెనక మూలకి కూర్చోవాలి, పొద్దు వాలేసరికి ఇల్లు చేరాలి. వాళ్ళుండే మడదేనిలో దీన్ని ఎందుకని అడిగేవాళ్ళు లేరు.

పొద్దు వాలేసరికి ఇల్లు చేరడం ఆమెకి కొత్తేమీ కాదు. మొగుడు దుమిసాని ఆమెతో కాపురం చేసిన పదకొండేళ్ళూ అదే చెప్పాడు. "నా పెళ్ళాం చీకటిపడ్డాక రోడ్డు మీద కనిపిస్తే నలుగురూ నన్నేమంటారు?" అనేవాడు. అందుకని బట్టల ఫ్యాక్టరీలో అదనపు గంటలు ఒప్పుకునేది కాదు. ఫిబ్రవరిలో ఫ్యాక్టరీ మనుషుల్ని తగ్గించినప్పుడు అలా ఒప్పుకోనివాళ్ళ పేర్లే ముందు రాసుకొచ్చారు. మే నెలలో ఒక ఆదివారం దుమిసాని తింటూ తింటూనే పక్కకి ఒరిగిపోయాడు. గుండె అన్నారు.

ఇక మిగిలింది నిరుద్యోగ భృతి. ఇన్నేళ్ళూ ఆమె జీతంలోంచి కోసుకున్నదాన్నే ఇప్పుడు కొంచెం కొంచెంగా వెనక్కి ఇస్తున్నారు. నాలుగు వారాలకోసారి పట్నంలో ఆఫీసుకి వెళ్ళి, పని వెతుక్కుంటున్నానని, వస్తే చేస్తానని సంతకం పెట్టి రావాలి. ఆ సంతకం మీదే ఇంట్లో మొక్కజొన్న పిండి ఉడుకుతోంది.

జూలైలో పాత సూపర్‌వైజరు మాసితోలె కబురు పెట్టింది. స్కూలు యూనిఫారాలు కుట్టే చిన్న షాపులో మనిషి కావాలట. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. "నీ చెయ్యి నాకు తెలుసు. నలుపైనా ఫర్లేదు, వచ్చెయ్" అంది ఫోనులో.

అత్త మాఖోజా వింటూనే ఉంది.

"రాత్రి పదింటిదాకానా? నలుపులోనా? వాడు ఊరుకుంటాడనుకున్నావా?"

వాడంటే చనిపోయిన కొడుకు.

"అయినా రాత్రిళ్ళు గడప దాటకుండానే భృతి వస్తోందిగా. దాన్నెందుకే కాలదన్నుకోవడం?"

జిబుయిలేకి ఆ పని కావాలి. పిండికోసం కాదు. మిషన్ల చప్పుడు కావాలి. ఆ చప్పుడులో ఎవరి పెళ్ళాం, ఎవరి కోడలు అని ఎవరూ అడగరు. కుట్టు తిన్నగా ఉందా లేదా, అంతే. ఇక్కడ పొద్దున్నే నీళ్ళు కాచి, అత్త కాళ్ళకి మందు రాసి, మరిది పిల్లల బట్టలు ఉతికి, ఇంత చేసినా సాయంత్రానికి ఆమె 'పనీపాటా లేని మనిషి'. ఆఫీసువాళ్ళూ అదే రాసుకున్నారు. మాసితోలె ఇంకోసారి కబురు పెట్టింది. జిబుయిలే రాలేనంది.

తరువాత సంతకానికి వెళ్ళినప్పుడు గుమాస్తా అమ్మాయి మామూలుగానే అడిగింది. "ఈ నాలుగు వారాల్లో వచ్చిన పని ఏదైనా కాదన్నావా అక్కా?"

నలుపులో ఉండగా అబద్ధమాడితే చచ్చినవాడికి తగులుతుందని అత్త చెప్పింది.

"ఔను."

గుమాస్తా అమ్మాయి కలం కింద పెట్టేసింది. "కారణం?"

"నలుపులో ఉన్నాను కదా."

ఆమె కాగితం మీద గడులన్నీ వేలితో వెతికింది. జబ్బు, కాన్పు, దూరం. గొంతు తగ్గించి, "మా అమ్మా నలుపు వేసుకుందక్కా, నాకు తెలీదా? కానీ దీనికి ఇందులో గడి లేదు. కాదనలేదు అని ఒక్కమాట అను, ఇంకో కాగితం తీస్తా" అంది.

జిబుయిలే తల అడ్డంగా ఊపింది. భృతి ఆగిపోయింది.

"నిన్నెవరే నిజం చెప్పమంది!" అత్త నెత్తి కొట్టుకుంది. రెండు రోజులు సాధించింది. మూడో రోజు తనే పెట్టె తెరిచి ఎర్రపూల గౌను తీసి కోడలి చేతిలో పెట్టింది. "అప్పీలు పెట్టుకో. నలుపు కనబడకూడదు, ఇది వేసుకుని వెళ్ళు. ఒక్క పూటేగా, వాడేమీ అనుకోడులే."

గౌను పట్టుకుని జిబుయిలే అలాగే నిలబడిపోయింది. పనికోసం అంగుళం జరగని నలుపు, భృతికోసం ఇంత తేలిగ్గా ఊడివస్తుందా! కోపం వచ్చింది. కోపంకన్నా సిగ్గేసింది, ఇన్నాళ్ళూ నమ్మినందుకు. బట్టలు మార్చుకుంది. మూడు నెలల తరవాత ఒంటిమీద రంగుగుడ్డ పడింది. టాక్సీలో డ్రైవరు పక్కనే కూర్చుంది.

ముందు ఆఫీసుకి పోలేదు. కుట్టుషాపుకి పోయింది.

మాసితోలె ఆమెని పైనుంచి కిందిదాకా చూసింది. "అయ్యో, పోయినవారమే తీసేసుకున్నామే. రెండుసార్లు పిలిచాను కదా నిన్ను? మూడోసారి ఎవరు పిలుస్తారు చెప్పు?"

లోపల మిషన్లు ఆడుతున్నాయి. జిబుయిలే కాసేపు గుమ్మం దగ్గరే నిలబడి విని, ఆఫీసు దారి పట్టింది.

అప్పీళ్ళ దగ్గర వేరే గుమాస్తా, చిన్న వయసువాడు. ఎర్రపూల గౌను కేసి ఒకసారి చూసి, కాగితం తిప్పి చదివాడు.

"పని కాదన్నది మీరేగా అమ్మా?"

"నేను కాదు."

"మరెవరు?"

"మా ఆయన."

"ఓ, ఇలాంటివి రోజూ వస్తాయి" అన్నాడతను తేలిగ్గా. "రేపు ఆయన్ని వెంటబెట్టుకుని రండి. ఇకమీదట అడ్డుచెప్పనని ఒక సంతకం పెడితే చాలు."

"మే నెలలోనే పాతిపెట్టాం బాబూ" అంది జిబుయిలే. "అయినా ఇంకా కాదంటూనే ఉన్నాడు."