భయపడ్డాడన్న మాట

వనపర్తి విజయ ఫుట్‌బాల్ క్లబ్ అంటే పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఆ ఏడాది లీగులో ఎనిమిది మ్యాచ్‌లు ఆడి ఆరు ఓడింది, ఒకటి సమం చేసింది, ఒకటి గెలిచింది. గెలిచిన ఆ ఒక్కటైనా అవతలి జట్టు బండి దారిలో చెడిపోయి ఏడుగురే దిగడం వల్ల. ఆదివారం కల్వకుర్తితో చివరి మ్యాచ్. అది కూడా పోతే లీగులోంచే పోతారు. అందుకే అసిస్టెంట్ కోచ్ మహిపాల్ శుక్రవారం పొద్దున్నే పెబ్బేరు మీదుగా గద్వాల పోయే బస్సెక్కాడు. గోల్‌కీపర్ మధును బతిమాలి తీసుకురావాలి. మధు గ్రౌండుకు రావడం మానేసి నెల దాటింది.

"నువ్వు పోతె వస్తడు మహిపాలూ. నీ మాట ఇంటడు" అన్నాడు పెద్దసారు, అంటే హెడ్ కోచ్ పెంటయ్య, పంపిస్తూ. ఆ మాట మహిపాల్‌కు గుండెల్లో గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకోదు? మధు మానేసిందే మహిపాల్ మాట వల్ల. ఆ సంగతి పెద్దసారుకు తెలియదు, అంతే.

అసలు అసిస్టెంట్ కోచ్ అంటే ఏం పని? క్లబ్బులో ఎవరూ ఎక్కడా రాసివ్వలేదు. బంతుల్లో గాలి కొట్టాలి, అలిగినవాణ్ని బుజ్జగించాలి, వానొస్తే వలలు విప్పాలి. అన్నిటికంటే పెద్ద పని మాటలు మోయడం. పెంటయ్య ఉప్పునుంతల రైతు, ఒకప్పుడు మంచి ఆటగాడు, నోట్లోంచి పొద్దుకు పది మాటలు రావు. ఆ పదింటినీ వందగా విడమర్చి ఆటగాళ్లకు చెప్పేది మహిపాల్. ఆటగాళ్ల గోడు పెద్దసారు చెవిన వేసేదీ మహిపాలే. ఇంత చేసినా, ఓడినప్పుడల్లా కమిటీవాళ్లు మొదట చూసేది అతని వైపే. "ఓడెటందుకు ఇద్దరు కోచ్‌లెందుకయ్యా? ఒక్కరు సాలరా?" అని నవ్వేవాళ్లు. ఆ నవ్వు మహిపాల్‌కు నిద్ర పట్టనిచ్చేది కాదు.

అందుకే ఏదో ఒకటి చేసి చూపించాలనుకున్నాడు పాపం. పెంటయ్య వేరుశనగ విత్తుకోవడానికి ఊరెళ్లిన వారంలో ఫోన్లో వీడియోలు చూసి ఒక ఉపాయం పట్టాడు. నాగర్‌కర్నూల్‌తో మ్యాచ్‌కు ముందు మధును పక్కకు పిలిచాడు.

"కార్నర్ కొట్టినప్పుడు నువ్వు ముందటికి ఉరకకు. గోల్ గీత మీదనే నిలబడు. బాల్ సంగతి డిఫెండర్లు సూస్కుంటరు."

"నాకు ముందటికి పోయి పట్టుడే అలవాటన్నా."

"నేను చెప్తున్న గద."

మధు సరేనన్నాడు. ఉపాయం మంచిదో చెడ్డదో ఆ దేవుడికెరుక. కానీ ఈ మహానుభావుడు డిఫెండర్లకు చెప్పడం మరిచిపోయాడు! వాళ్లేమో ఎప్పటిలాగే మధు వచ్చి పట్టుకుంటాడులే అని వదిలేశారు. మధు గీత దాటలేదు. బంతికీ గోలుకూ మధ్య ఎవరూ లేరు. మూడు కార్నర్లు, మూడు గోల్స్.

విత్తనాల పని ముగించుకుని, మ్యాచ్ మొదలయ్యే వేళకు నేరుగా అక్కడికే వచ్చిన పెంటయ్యకు ఇదంతా ఏం తెలుసు? ఆట అయ్యాక జట్టంతా కూర్చున్న గదిలోకొచ్చి మధు ముందు నిలబడ్డాడు.

"ఎందుకు కదలలేదురా?"

మధు మహిపాల్ వైపు చూశాడు. కమిటీ అధ్యక్షుడు జయరాజు తలుపు దగ్గరే చేతులు కట్టుకుని ఉన్నాడు. పెంటయ్య కూడా మధు చూసిన వైపే తిరిగాడు. అలవాటు మరి, ఆటగాడి సంగతి ఎప్పుడూ మహిపాల్ నోటే వినడం.

"భయపడ్డడు సార్," అన్నాడు మహిపాల్. "పోయిన మ్యాచ్‌ల దెబ్బ తగిలిన కాడికెల్లి బాల్ మీదికొస్తె భయపడుతుండు."

నోరు జారిన మాట కాదది. అంతకంటే చెడ్డది, ఏరుకుని అన్న మాట. మధు బూట్లు విప్పి సంచిలో వేసుకున్నాడు. వారం తిరిగేసరికి వనపర్తి చాయ్ బండ్ల దగ్గర కూడా అదే ముచ్చట. పిరికి గోల్‌కీపర్ అట, గీతకు మేకు కొట్టినట్టు నిలబడ్డాడట.

నెల రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాడు మహిపాల్. చెబుదామని రెండుసార్లు పెద్దసారు దగ్గరికి పోయి, వలలు చినిగాయని చెప్పి వచ్చాడు. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకునేవాడు. మళ్లీ పొద్దున్నే బంతుల్లో గాలి కొట్టేవాడు.

గద్వాలలో మధు ఇంటి ముందు చెప్పులు విడిచేసరికి లోపల మగ్గం చప్పుడు వినిపించింది. మధు మగ్గం గుంటలో కూర్చుని చీర నేస్తున్నాడు. మహిపాల్‌ను చూసి పోగు నడిపే నాడె ఆపాడు.

"రా అన్నా. కూసో."

దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ వల్లించాడు మహిపాల్. ఆదివారం మ్యాచ్ అన్నాడు, క్లబ్బు పరువన్నాడు, కొత్త గోల్‌కీపర్ ఉత్త దండగ అన్నాడు. అసలు మాట మాత్రం నాలుక దాటలేదు. అంతలో మధు తల్లి లలితమ్మ చాయ్ తెచ్చింది.

"సారూ, ఒక్క మాట అడుగుత. మావోడు నిజంగనే భయపడ్డడా? జూరాల డ్యాం గేట్లెత్తిన దినం గూడ నీళ్ల కాడికి ఉర్కెటోడు ఈడు. అడిగితె నాకేం చెప్పడు. బజార్ల నన్ను జూసి నవ్వుతుండ్రు."

మహిపాల్‌కు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఇప్పుడు కూడా చెప్పకపోతే మనిషే కాదనిపించింది.

"లేదమ్మా. భయపడలే. నేనే ఆడ నిలవడమన్న. డిఫెండర్లకు చెప్పుడు మరిశిన. నా కొలువు పోతదని అబద్ధమాడిన."

లలితమ్మ కొడుకు వైపు చూసింది. మధు తల దించుకుని పోగు సరిచేస్తున్నాడు.

"మరి నువ్వెందుకు చెప్పలేదురా?" అంది.

"అన్న చెప్తడని జూసినమ్మా. ఆ గదిల జూసిన. తెల్లారి జూసిన. తర్వాత సూసుడు బంజేసిన."

తిట్టినా బాగుండేది. చెంప మీద కొట్టినా బాగుండేది. మహిపాల్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి.

లలితమ్మ మాత్రం ఊరుకోలేదు. "నా కొడుకు నువ్వు నిలవడమన్న కాడ నిలవడ్డడు. గీ ముక్క చెప్పెతందుకు నెల పట్టెనా సారూ? మీ పెద్దసారుకు చెప్పినవా?"

"ఇంకా లేదమ్మా."

"ఈడనే చెప్పు. నేను ఇంట."

ఫోన్ తీశాడు. రెండోసారి మోగగానే పెంటయ్య ఎత్తాడు. "ఏమాయె? వస్తనన్నడా?"

"సార్, మధు భయపడలేదు. గీత మీద నిలవడమన్నది నేనే. మీకు అబద్ధం చెప్పిన."

తిడతాడని మహిపాల్ కాచుకున్నాడు. తిట్టలేదు పెంటయ్య.

"ఫోన్ మధుకియ్యి" అన్నాడు.

మధు మగ్గం గుంటలోంచి లేచి ఫోన్ అందుకుని వాకిట్లోకి నడిచాడు. చాలాసేపు మాట్లాడాడు. పొద్దుకు పది మాటలు మాట్లాడని మనిషితో అంతసేపు ఏం మాట్లాడుతున్నాడో! "ఆఁ సార్", "అవును సార్" అనడం వినిపిస్తోంది. ఒకసారి మధు నవ్వాడు. కార్నర్ వస్తే ముందుకు పోవాలా వద్దా అని కాబోలు, చేత్తో గాలిలో చూపిస్తున్నాడు. పదేళ్లలో ఏ ఆటగాడితోనూ పెద్దసారు ఇట్లా నేరుగా మాట్లాడింది లేదు. మహిపాల్ చల్లారిన చాయ్ పట్టుకుని లోపలే కూర్చున్నాడు.

మధు తిరిగొచ్చి ఫోన్ ఇచ్చాడు. అప్పటికే కాల్ అయిపోయింది.

"వస్తున్న అన్నా. ఆదివారం ఏడింటికల్ల గ్రౌండుల ఉండమన్నడు."

"మంచిదాయె." మహిపాల్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "నాకేమన్న చెప్పమన్నడా?"

మధు అబద్ధం చెప్పడం అలవాటు లేని మనిషి.

"నీ ముచ్చట ఏం తియ్యలేదన్నా" అన్నాడు.