మొహమాటం పళ్ళెం

నరసరావుపేట కోర్టుకు వాయిదాకొచ్చేవాళ్ళలో సగంమంది పొద్దున్నే వచ్చి, రోడ్డుకి అవతల ఫిలోమినా టీ కొట్టు రేకుల కింద కూర్చుంటారు. లోపల పిలుపు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఒక్కోరోజు రాదు కూడా. అందాకా ఎదుటి పార్టీ మొహం చూస్తూ కూర్చోలేరు గదా. అందుకని పుస్తకాలు చదువుతారు.

ఆ పుస్తకాలు కొట్టు వెనక మేడ మీద ఉండిన ఒక ముసలి వకీలు గారి భార్యవి. ఆయన పోయాక లా పుస్తకాలు జూనియర్లు పట్టుకుపోయారు. ఆవిడ చదువుకున్న కథల పుస్తకాలు మాత్రం ఎవరికీ అక్కర్లేక, రెండు గోనె సంచుల్లో కిందికి దిగి ఫిలోమినా బిస్కెట్ల అర పక్కన చేరాయి. ఆ వకీలు గారి భార్య కంసాలి ఇంటి ఆడపడుచు. ఎక్కడో ఒకచోట నగ మెరవని కథ ఆవిడకు రుచించేది కాదట. దానివల్ల అక్కడ డిటెక్టివ్ పుస్తకమున్నా, భక్తి పుస్తకమున్నా, రాజుల కథ ఉన్నా అందులో ముక్కుపుడకో, కాసులపేరో, వజ్రమో ఉండి తీరుతుంది.

ఫిలోమినా పెట్టిన షరతు ఒక్కటే. "టీకి డబ్బులియ్యాలి, పుస్తకానికి అభిప్రాయం ఇయ్యాలి. ఊరకే చదివి పోతే ఒప్పుకోను."

పల్నాటి వాళ్ళకి అభిప్రాయం చెప్పమనడం అంటే పస్తున్నవాడికి విస్తరేసినట్టే. బొల్లాపల్లి కోటయ్య గట్టు తగాదా కోసం ఏళ్ళ తరబడి తిరుగుతున్న రైతు. 'తప్పిపోయిన ముక్కుపుడక' చదివి, "దొంగెవుడో నాకు మొదట్లోనే తెలిసిపోయింది. పోలీసోళ్ళకి ఆఖరుదాకా తెలవలా. ఆ ముక్క మాత్రం నిజంగా ఉంది" అన్నాడు. కృష్ణ ఒడ్డున పులిచింతల నీళ్ళ కింద ఊరు పోగొట్టుకున్న నాగేంద్రమ్మ 'నది కింద వజ్రాలు' చదివి విసిరికొట్టింది. "మా ఊరు మునిగిననాడు వజ్రాల కోసం ఏ ముండా ఏడవలేదయ్యా. నిమ్మచెట్లకి ఏడిచాం. ఈ రాసినాయన నిమ్మచెట్టు ఊసే ఎత్తలా!" అంది. అన్నాక వెళ్ళి, పుస్తకం దుమ్ము దులిపి మళ్ళీ అరలో పెట్టింది.

ఆ రేకుల కింద ఇంకో సంగతి ఉంది. ఒంటిమీద బంగారం పెట్టుకుని, పుస్తకం గురించి మనసులో లేని మాట చెప్తే ఆ బంగారం బరువెక్కుతుంది. ఉన్న మాట చెప్పేదాకా దిగదు. ఇది పుస్తకాల విషయంలోనే. మిగతా అబద్ధాల జోలికి బంగారం పోదు. పోతే, ఉంగరం పెట్టుకున్న కక్షిదారు ఒక్కడు కూడా చేతులూపుకుంటూ రోడ్డు దాటలేడు.

ఒకసారి ఒక రిటైర్డు మాస్టారు తను రాసిన నీతి పద్యాలు తెచ్చి పంచాడు. 'తొమ్మిది రత్నాల మాల' అని పేరు. కోటయ్యకు గట్టు కేసులో ఆయన సాక్ష్యం కావాలి. "చానా గొప్పగా రాశారు సార్" అన్నాడు. అంతే, వేలి ఉంగరం చేతిని బల్లకేసి అదిమేసింది. లోపల బంట్రోతు పేర్లు పిలుస్తున్నాడు. కోటయ్య చెమటలు కక్కుకుంటూ, "సార్, రెండో పేజీలో నిద్రపోయాను, క్షమించండి" అన్నాక గానీ లేవలేకపోయాడు. చెయ్యి లేచింది, సాక్షి పోయాడు.

మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత ఊరికే పుట్టలేదు. అప్పటినుంచి ఫిలోమినా చక్కెర డబ్బా పక్కన ఒక స్టీలు పళ్ళెం పెట్టింది. మర్యాదకు నాలుగు మంచి మాటలు చెప్పాల్సి వచ్చినవాళ్ళు ముందుగా ఒంటిమీది బంగారం తీసి అందులో పెట్టి, మీద తువ్వాలు కప్పి, నిశ్చింతగా చెప్పుకుంటారు. ఆ తువ్వాలు ఎత్తి ఎవరి నగలున్నాయో చూడటం మాత్రం తప్పు. దాని పేరు మొహమాటం పళ్ళెం. ఎవరూ దాన్ని వింతగా చూడరు. గొడుగు తడిస్తే బయట పెట్టినట్టు పెడతారు.

ఆ పళ్ళెంతో ఎప్పుడూ పని పడనిది జెస్సీకి. గురజాలలో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తుంది. కుడిచేతికి పెళ్ళినాటి ఉంగరం ఉంది. కణుపు దగ్గర బిగుసుకుపోయి సబ్బు రాసినా, నూనె రాసినా రాదు. తీయలేని బంగారంతో ఆ రేకుల కింద కూర్చున్నది కాబట్టి జెస్సీ ఏనాడూ ఏ పుస్తకాన్నీ మర్యాదకు మెచ్చుకోలేదు. "ఈ పిల్ల బాగుందంటే బాగున్నట్టే" అనేవాడు కోటయ్య.

ఆ మంగళవారం జెస్సీ వచ్చేసరికి మొగుడు జయపాల్ అప్పటికే కొట్లో ఉన్నాడు. విడాకుల కేసు మొదలైనప్పటి నుంచి అతను అవతల వకీలు గారి కారు పక్కనే నిలబడేవాడు. ఈ రేకుల కిందికి వచ్చింది ఇదే మొదలు. తెల్లచొక్కా వేసుకుని, తల దువ్వుకుని, బెంచీ చివర ఒదిగి కూర్చున్నాడు. అతని పక్కన జెస్సీ మేనమామ ఏసోబు ఉన్నాడు.

"రామ్మా" అన్నాడు ఏసోబు. "ఇవాళ్టితో అయిపోవాల. రాజీ కాయితం లాయర్ గారి దగ్గర రెడీగా ఉంది. సంతకం పెడితే ఇటునించి ఇటే కారెక్కి పోతారు."

రాత్రంతా అమ్మ ఏడ్చింది. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి, క్షమించడం గురించి చెప్పి వెళ్ళాడు. అందరూ మంచివాళ్ళే. జయపాల్ కూడా కొట్టేవాడు కాదు, తాగేవాడు కాదు. బయటికి పోయేటప్పుడు జెస్సీని లోపలుంచి తాళం వేసుకుని పోయేవాడు, అంతే. మొదట్లో దొంగల భయం అన్నాడు. తర్వాత ఏమీ అనలేదు. ఒకసారి ఆమెకు జ్వరమొచ్చి, కిటికీలోంచి పక్కింటివాళ్ళను మంచినీళ్ళు అడిగి తాగింది. "అంతమాత్రానికే కాపురం చెడగొట్టుకుంటారా?" అని అడిగినవాళ్ళకు జెస్సీ ఏమని చెప్పగలదు? తాళం వేసిన తలుపు బయటినుంచి చూస్తే మామూలు తలుపులాగే ఉంటుంది.

"అల్లుడూ, మొన్న నేనిచ్చిన పుస్తకం చదివానంటివిగా. చెప్పు, అందరూ వింటారు" అన్నాడు ఏసోబు.

జయపాల్ చేతిలో 'కెంపుల కమ్మలు' ఉంది. ఆ నవల ఆమె ఎప్పుడో చదివేసింది. మొగుడు గడప దాటనివ్వక పుట్టింటికి వచ్చేసిన రత్తమ్మ కథ. ఆఖర్లో మొగుడు వచ్చి గుమ్మంలో నిలబడతాడు. ఆమె విసిరేసిపోయిన కెంపుల కమ్మలు తనే ఆమె చెవులకు పెడతాడు. ఆమె అతని వెంట తిరిగి వెళ్ళిపోతుంది. ఫిలోమినా అభిప్రాయం అడిగిన ప్రతిసారీ జెస్సీ ఇంకా పూర్తవలేదని తప్పించుకుంటూ వచ్చింది.

జయపాల్ లేచి నిలబడ్డాడు.

"నాకు పెద్దగా చదివే అలవాటు లేదు. కానీ ఇది చదువుతుంటే... ఆ మొగుడు నేనే అనిపించింది. ప్రేమ అనుకుని చేశాడు. అది ప్రేమ కాదని ఆమె పోయాక తెలిసింది. తెలిసినోడికి ఒక్క అవకాశం ఇయ్యాల. రత్తమ్మ ఇచ్చింది. ఆ చివరి పేజీ చదివి నేను ఏడిచానండి" అన్నాడు.

కోటయ్య టీ గ్లాసు పట్టుకుని తాగడం మరిచిపోయాడు. కోపిష్టి నాగేంద్రమ్మ కూడా పైటకొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆమె జెస్సీ చెవి దగ్గరికి వంగి, "బంగారం మాట్లాడలేదమ్మాయ్. మడిసి మారాడేమోనే" అంది.

జెస్సీకి ఏడుపొచ్చింది. ఒకవేళ నిజంగా మారితే? రెండేళ్ళుగా తను రాయిలా కూర్చున్నదే తప్పయితే? ఎంతమందిని ఏడిపించింది తను!

"నువ్వు చెప్పమ్మా. అందరి ముందూ చెప్పు" అన్నాడు మేనమామ.

"రత్తమ్మ మంచి పనే చేసింది" అంది జెస్సీ. "తిరిగెళ్ళటం... బాగుంది."

ఏసోబు "స్తోత్రం" అని చేతులు జోడించాడు. అదే క్షణాన జెస్సీ కుడిచెయ్యి ఒళ్ళోకి జారిపోయింది. ఉంగరం వేలిని కిందికి లాగుతోంది. ఆమె గబుక్కున చున్నీ కప్పేసింది. ఎవరూ చూడలేదు. అలసట అనుకుంది. రాత్రి నిద్ర లేదు గదా అనుకుంది. కానీ ఆ బరువేమిటో ఆ కొట్లో కూర్చునేవాళ్ళలో జెస్సీకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

అవతలినుంచి గుమస్తా చెయ్యూపాడు. అందరూ లేచారు. జెస్సీ ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకుని రోడ్డు దాటింది. ప్రతి మెట్టుకూ భుజం కిందికి పోతోంది. వెనక జయపాల్ జేబులో తాళం చెవులు గలగలమంటున్నాయి. అతనికి ఎప్పుడూ ఉన్న అలవాటే, నడుస్తూ జేబులో చెయ్యి పెట్టి తాళాలు కదుపుతుంటాడు.

వరండాలో వకీలు గారు కాయితం తిప్పి, వేలితో చోటు చూపించారు. "ఇక్కడ పెట్టమ్మా. జడ్జి గారు లేచేలోగా దాఖలు చెయ్యాలి."

జెస్సీ చెయ్యి బల్లమీద పడింది. ఆ చప్పుడుకి సిరాబుడ్డి కూడా కదిలింది. పెన్ను వేళ్ళ మధ్య ఉంది, చెయ్యి లేవడం లేదు.

"ఏందమ్మా?" అన్నాడు ఏసోబు.

"కొంచెం... చెయ్యి లాగుతోంది మావయ్యా."

"పట్టుకోమంటావా?" అని జయపాల్ ముందుకొచ్చి, ఆమె మణికట్టు పట్టుకున్నాడు. మెల్లగానే పట్టుకున్నాడు. లేవనెత్తబోయాడు. లేవలేదు. రెండో చెయ్యి కూడా వేశాడు. అతని మొహం ఎర్రబడుతోంది. "సంతకమేగా, లాగించెయ్ జెస్సీ. జనం చూస్తున్నారు" అన్నాడు పళ్ళ మధ్యనుంచి.

అప్పుడే ఫిలోమినా వరండా ఎక్కింది. కొట్టు వదిలి ఆమె ఎన్నడూ రోడ్డు దాటలేదు. పొయ్యిమీద పాలు ఎవరికి అప్పగించి వచ్చిందో! చేతిలో స్టీలు పళ్ళెం ఉంది. మీద తువ్వాలు లేదు.

"బాబూ, మర్చిపోయి వచ్చేశావు. నీ ఉంగరాలు."

పళ్ళెంలో రెండు ఉంగరాలున్నాయి. ఒకటి సిలువ గుర్తుది, ఇంకోటి పచ్చరాయిది. జెస్సీకి ఆ రెండూ బాగా తెలుసు. జయపాల్ స్నానానికి కూడా వాటిని తీసేవాడు కాదు. ఇప్పుడు తన మణికట్టు మీదున్న అతని వేళ్ళు చూసింది. ఉంగరాలు ఉండాల్సిన చోట తెల్లటి చారలు పడి ఉన్నాయి.

ఫిలోమినా తెలిసే తెచ్చిందో, పోగొట్టుకుంటాడని మామూలుగా తెచ్చిందో ఈనాటికీ చెప్పదు. అడిగితే, "ఎవురి బంగారం వాళ్ళకియ్యాలిగా" అంటుంది.

"అందరూ పెడతారు గదా" అన్నాడు జయపాల్. "మొహమాటానికి... అది అక్కడి పద్ధతి గదా." గొంతు తగ్గించి, జెస్సీకి మాత్రమే వినపడేట్టు, "ఇంటికి పోయాక మాట్లాడుకుందాం" అన్నాడు. జేబులో తాళాలు ఒకసారి గలగలమన్నాయి.

జెస్సీ పెన్ను వదిలేసింది. ఇంతసేపూ అతని మీదున్న కోపం కన్నా, రేకుల కింద తను చెప్పిన మాట మీద ఆమెకు ఎక్కువ కోపమొచ్చింది.

"ఆ పుస్తకం నాకు నచ్చలేదు" అంది.

"పుస్తకమేందమ్మా ఇప్పుడు!" అన్నారు వకీలు గారు.

"నచ్చలేదండీ. కమ్మలు పెట్టాడు, తీసుకుపోయాడు, అయిపోయింది అని రాశాడు. వెళ్ళాక ఆ ఇంటి తలుపుకి గడియ లోపలుందో, బయటుందో రాయలా. నేను మూడుసార్లు వెతికాను, ఎక్కడా లేదు. అది చెప్పకుండా కథ ఎట్టా అయిపోతుంది? రత్తమ్మ వెళ్ళకూడదు. నేనైతే వెళ్ళను."

అంత పెద్దగా తను మాట్లాడగలదని ఆమెకే తెలియదు. వరండాలో నలుగురు వెనక్కి తిరిగి చూశారు. ఆ మాట పూర్తవుతుండగానే చెయ్యి తేలిపోయింది. జయపాల్ పట్టుకున్న చెయ్యి అతని పట్టులోంచి తేలిగ్గా బయటికొచ్చేసింది. దాంతోపాటు, సబ్బుకూ నూనెకూ లొంగని ఉంగరం కణుపు దాటి జారి, ఫిలోమినా పళ్ళెంలో పడి ఖంగున మోగింది.

ఏసోబు ఆ ఉంగరం వంక చాలాసేపు చూశాడు. అల్లుడికి ఆ పుస్తకం ఇచ్చింది తనే, పళ్ళెం సంగతి చెప్పింది కూడా తనే. ఆ మాట ఆ మనిషి మొహంలో కనపడుతూనే ఉంది. చివరికి వకీలు గారి వైపు తిరిగి, "వాయిదా అడగండి సార్. కేసు నడవనీండి. మీ అమ్మకు నేను చెప్పుకుంటాలే జెస్సీ" అన్నాడు. జయపాల్ తన రెండు ఉంగరాలూ తీసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం గురజాల బస్సుకి ఇంకా టైముందని జెస్సీ రేకుల కింద కూర్చుంది. కుడిచేతిని మాటిమాటికీ తడుముకుంటోంది. నాగేంద్రమ్మ తన వంతు బజ్జీల్లో రెండు తీసి, అడగకుండానే ఆమె ముందు పెట్టింది. బజ్జీలు తిన్నాక జెస్సీ లేచి, అరలోంచి 'జమీందారు గారి జడబిళ్ళ' తీసుకుంది.

"పై వాయిదాకి అభిప్రాయం చెప్పాల" అంది ఫిలోమినా, గ్లాసులు కడుగుతూ. అని, ఆమె బోసి వేలు చూసి నవ్వింది. "ఇంక నీకేంది, ఒంటిమీద బంగారం లేదు. నువ్వూ అందర్లాగా బాగుందని చెప్పొచ్చు."

"చెప్పొచ్చు" అంది జెస్సీ, పుస్తకం సంచిలో పెట్టుకుంటూ.

"చెప్తావా?"

బస్సు హారన్ వినపడింది. జెస్సీ సంచి భుజాన వేసుకుంది.

"చెప్పను పిన్నీ" అని, రోడ్డు దాటింది.