మూత తెరిచే ఉంది

గురువారం మధ్యాహ్నానికి ఆ లాప్‌టాప్ పద్నాలుగోసారి నిద్రపోయింది. ఆ లెక్క మా మేనత్తది. అమ్మ దాని ముందు కూర్చోవడం, తెర నల్లబడటం, అత్త లేచి బీరువా తలుపు మీద అమ్మ దర్జీ సుద్దతో ఒక గీత గీయడం. పొద్దుటినుంచీ ఇదే వరస.

"వదినా, ఇంకొక్కటి పడితే పదిహేను. అప్పుడు టీ నేనే పెడతాను."

"పెట్టు. పెట్టి అందులో నన్ను ముంచు" అంది అమ్మ.

నవ్వకూడదనుకుంటూనే నవ్వాను. నిజానికి అది నవ్వే సమయం కాదు. శనివారం పదకొండు గంటలకి కుట్టు శిక్షణ కేంద్రం మేడం మా ఇంటికి వస్తోంది. అమ్మ ముప్పై ఏళ్ళుగా మా ముందుగదిలో మిషను తొక్కుతోంది. కేంద్రంలో కత్తిరింపు నేర్పే టీచరు మానేస్తే, ఆ మేడం వెతుక్కుంటూ వచ్చి అమ్మనే అడిగింది. అమ్మ బడికి వెళ్ళింది నాలుగేళ్ళు. అలాంటి మనిషిని టీచరుగా రమ్మన్నారు. ఆ రోజు అమ్మ ఒక చొక్కాకి రెండు ఎడమ చేతులు కుట్టేసింది.

అయితే మేడం ఒక షరతు పెట్టింది.

"మీ కత్తెర గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదండీ. కానీ ఇప్పుడు పాఠమంతా తెర మీదే. చొక్కా ముందుభాగం, వెనకభాగం, చెయ్యి కంప్యూటర్లో గీసి చూపించండి. సోమవారం నుంచే రావచ్చు."

నేర్చుకోవడానికి ఒక పాత లాప్‌టాప్ కూడా కేంద్రం బీరువాలోంచి తీసి ఇచ్చింది.

"ఇది పని మధ్యలో ఊరికే ఆగిపోతుంది. ఇలాంటివి ఇంకో ఎనిమిదున్నాయి. ముగ్గురు మెకానిక్కులు చూసి దండం పెట్టేశారు. మీ అమ్మాయి డిగ్రీ కదా, ఒకసారి చూడమనండి."

మా ఇంట్లో డిగ్రీ అంటే నేనే. అటు అమ్మ తరఫునా ఇటు నాన్న తరఫునా కలిపి వెతికినా నేనే. అందుకని దరఖాస్తు నింపాలన్నా, ఫోన్లో అక్షరాలు పెద్దవి చెయ్యాలన్నా, మిక్సీ తిరగకపోయినా అన్నీ నా దగ్గరికే వస్తాయి. బాగైతే చదువు గొప్పతనం. బాగవకపోతే "మూడేళ్ళు ఏం చెప్పారే మీకు?" అంటారు. కాబట్టి నాకు తెలియదు అనే మాట నేను మా ఇంట్లో వాడను.

"ఇది పాత సిస్టం లోపం. దాన్ని తీసేసి లినక్స్ వేస్తాను. ఉచితం. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూసుకోవచ్చు, కావలసినట్టు మార్చుకోవచ్చు" అన్నాను ధీమాగా.

నాన్నకి మైకులు, స్పీకర్లు బాగుచేసే షాపుంది. ఉచితం అనగానే అనుమానంగా చూశాడు కానీ, లోపల చూసుకోవచ్చు అనేసరికి మెత్తబడ్డాడు.

"విప్పి చూసుకోనిచ్చే సరుకైతే మంచిదే. కానివ్వండి డిగ్రీగారూ."

బుధవారం మొదలుపెట్టాం. లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ గుచ్చి, మిషను ఆన్ అవుతూండగా ఒక మీట నొక్కాలి. ముందు నొక్కితే వినదు, తర్వాత నొక్కితే దాటిపోతుంది. "ఇప్పుడు!" అని నాన్న, "ఇంకా ఆగు!" అని అత్త, "దాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి" అని అమ్మ. ఆరోసారికి పడింది. పడగానే అది, డిస్కులో ఉన్నదంతా చెరిపెయ్యనా అని అడిగింది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆగాగు. అందులో మేడంగారివేమైనా ఉన్నాయేమో. చెప్పకుండా చెరపడమేంటి?"

ఫోన్ చేసి అడిగాం. ఏమీ లేవంది. అయినా అమ్మ ఇంకోసారి అడగమంది. రెండోసారి కూడా ఏమీ లేవంది. అప్పుడు చెరిపాం. తర్వాత వైఫై రాలేదు. నా ఫోన్‌ని వైరుతో కలిపి, ఆ నెట్‌తో వైఫైకి కావలసిన డ్రైవరు దింపాను. పాస్‌వర్డ్ కోసం గంటసేపు సభ జరిగింది. నమూనాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కింది. రెండు గంటలు పరీక్షగా వాడి చూశాను. రెప్ప వెయ్యలేదు.

"అమ్మా, రా. నీ మిషను సిద్ధం" అన్నాను. గర్వం నా గొంతులోనే తెలిసిపోయి ఉంటుంది.

అమ్మ చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చింది. ఎడమ మణికట్టు మీది గుండుసూదుల పట్టీ సవరించుకుంది. అది తోలుపట్టీ. దాని మీది నల్లటి బిళ్ళకి సూదులు ఎప్పుడూ అతుక్కుని ఉంటాయి. పెళ్ళయిన కొత్తలో నాన్నే స్వయంగా చేసి ఇచ్చాడట. తోలు రెండుసార్లు మారింది కానీ బిళ్ళ అదే. స్నానానికి, నిద్రకి తప్ప అమ్మ దాన్ని తియ్యదు. అలా సర్దుకుని, రెండు చేతులూ మీటల మీద పెట్టింది.

తెర నల్లబడింది.

అమ్మ లేచి నేను కూర్చునేసరికి అదీ లేచింది. లేచి బుద్ధిగా పనిచేసింది. అమ్మ కూర్చుంటే పడుకుంది. నాన్న కూర్చున్నాడు, పనిచేసింది. అత్త కూర్చుని చొక్కా బదులు ఏనుగు బొమ్మ గీసింది, అప్పుడూ పనిచేసింది. అమ్మ కూర్చుంది.

"మీ అమ్మ గట్టిగా నొక్కుతోంది. మిషను తొక్కే కాలు కదా" అన్నాడు నాన్న.

"నేను కాలితో నొక్కుతున్నానా అండీ?"

"అది కాదన్నయ్యా" అంది అత్త. "వదిన ఎదురుగా కూర్చోగానే నోరు మూసుకుంటోంది. ఈ ఇంట్లో నీ అలవాటు దానికీ వచ్చింది."

కాసేపు వాడకపోతే నిద్రపొమ్మనే సెట్టింగులన్నీ "ఎప్పటికీ వద్దు" అని మార్చాను. బ్యాటరీ ఊడదీసి పెట్టాను. గురువారం మొత్తం చెరిపేసి లినక్స్‌ని మళ్ళీ మొదటినుంచీ వేశాను. సాయంత్రానికి అత్త గీతలు పంతొమ్మిది.

శుక్రవారం ఉదయం ఇరవై రెండో గీత పడ్డాక అమ్మ లేచి నిలబడింది. అత్త జోకు వెయ్యబోయి, అమ్మ మొహం చూసి సుద్ద దించేసింది.

"ఇంక చాలు. మేడంగారికి ఫోన్ చేసి రానక్కర్లేదని చెప్పు."

"అమ్మా, ఇంకా రోజంతా ఉంది."

"అది మీ అందరికీ పనిచేస్తోందే. అత్త ఏనుగు గీసినా ఊరుకుంది. నా చెయ్యి పడితేనే దానికి పడటం లేదు. ఎవరి చెయ్యి ఏమిటో దానికి తెలిసిపోతోంది."

డిగ్రీ చేతికొచ్చినప్పుడు అమ్మ ఆ కాగితాన్ని ముట్టుకోవడానికి కూడా, ఈ లాప్‌టాప్ ముందు కూర్చునేముందు కడుక్కున్నట్టే, చేతులు కడుక్కుంది. అది గుర్తొచ్చి లాప్‌టాప్‌ని నా వైపు తిప్పుకున్నాను.

"ఒక్క గంట ఇవ్వు. కారణం దొరక్కపోతే నేనే ఫోన్ చేస్తాను" అన్నాను.

అప్పుడుగానీ నాకు బుద్ధి రాలేదు. లోపల ఏముందో చూసుకోవచ్చని గొప్పలు చెప్పాను కానీ, రెండు రోజులుగా ఒక్కసారైనా చూడలేదు. లినక్స్ తనకి జరిగినదంతా నిమిషం నిమిషం డైరీలా రాసుకుంటుంది. దాన్ని లాగ్ అంటారు. ఆ లాగ్ తెరిచి, అమ్మ కూర్చున్న సమయాలు వెతికి, పైకి చదివి తెలుగులో చెప్పాను.

"తొమ్మిదీ పన్నెండు. మూత మూశారు. నిద్రపోతున్నాను. తొమ్మిదీ పదమూడు. మూత తెరిచారు."

నలుగురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

"ఎవరు మూశారు?" అన్నాను.

"ఎవరు మూస్తారే? నలుగురం గుడ్లప్పగించి చూస్తున్నాం. మూత తెరిచే ఉంది" అంది అత్త.

"అబద్ధం రాస్తోంది" అన్నాడు నాన్న.

"లాగ్ అబద్ధం రాయదు నాన్నా."

"అయితే మేమా అబద్ధమాడేది? నా ఇంట్లో, నా ఎదురుగా, నా కళ్ళనే కాదంటుందా అది?"

నాన్న షాపులో వాడే భూతద్దం తెచ్చాడు. మూత మూసినట్టు దానికి ఎలా తెలుస్తుంది? పాత టేపురికార్డర్లకి ఉన్నట్టు ఎక్కడో చిన్న బొత్తాం ఉండాలి కదా అని అంచులన్నీ వెతికాం. బొత్తాం లేదు, కన్నం కూడా లేదు.

"మీ వెతుకులాట మీది. నేను వెళ్ళి మొహం కడుక్కుంటాను" అంటూ అమ్మ, ఆ రోజుకి ఇక సూదుల పనే లేదన్నట్టు, పట్టీ విప్పి లాప్‌టాప్ మీద పడేసి వెళ్ళిపోయింది.

తెర నల్లబడింది.

అత్త అలవాటుగా సుద్ద ఎత్తి, సగంలో ఆగిపోయింది.

"ఈ గీత ఎవరికి? వదిన కూర్చోలేదు కదా?"

నేను పట్టీని రెండు వేళ్ళతో ఎత్తాను. దానికి సూదులు వేలాడుతున్నాయి. రెండు క్షణాల్లో తెర దానంతటదే వెలిగింది. దించాను. నల్లబడింది. మళ్ళీ ఎత్తాను, వెలిగింది.

"నాన్నా, ఈ బిళ్ళ ఏంటి?"

"అయస్కాంతం. పాత స్పీకర్లోది" అంటూ నాన్న ఒక సూది తీసి మూత అంచు వెంట జరిపితే, అది ఒకచోట టక్కున అతుక్కుంది.

ఆ లాప్‌టాప్ మూత అంచులో చిటికెన వేలి గోరంత అయస్కాంతం ఉంటుంది. మూత మూస్తే అది కింది భాగానికి దగ్గరవుతుంది. కింద ఎడమ వైపు లోపల దాగిన ఒక చిన్న ముక్క దాన్ని పసిగట్టి, మూశారు అని చెబుతుంది. అమ్మ ఎడమ చెయ్యి ఆనేది సరిగ్గా అక్కడే. అమ్మ చేతికి ఉన్నదేమో సభలో పదివేల మందికి వినిపించే స్పీకర్ తాలూకు అయస్కాంతం.

"నాన్నా! ఇరవై రెండుసార్లూ మూత మూసింది నువ్వే!"

ఆ తర్వాత ఎవరు ఏం అరిచారో నాకు తెలియదు. నాన్న పట్టీ లాక్కుని, పెట్టి తీసి పెట్టి తీసి, పడుకో లే పడుకో లే అంటూ చిన్నపిల్లాడైపోయాడు. అత్త నేలమీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. అమ్మ తడి మొహంతో పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది? ఏం పగిలింది?"

"వదినా, అన్నయ్య నీకిచ్చిన మొదటి కానుక కంప్యూటర్లని పడుకోబెడుతోంది!"

అమ్మకి అర్థమవడానికి రెండుసార్లు చూపించాల్సి వచ్చింది. అర్థమయ్యాక నాన్న వైపు తిరిగింది.

"ముప్పై ఏళ్ళుగా మీ గురక వల్ల నాకు నిద్ర లేదు. దీన్ని మాత్రం చక్కగా నిద్రపుచ్చారు."

పట్టీ లేకుండా అమ్మ కూర్చుంది. లాప్‌టాప్ పడుకోలేదు. కానీ అమ్మ కుడిచెయ్యి మాటిమాటికీ ఎడమ మణికట్టు తడుముకుంటోంది. గీసిన కాలరు వంకరపోయింది.

"చెయ్యి బోసిగా ఉందే. నాది కానట్టుంది."

"అయితే పట్టీ పెట్టుకో. మనమే దీనికి చెప్పేద్దాం" అన్నాను.

సెట్టింగుల ఫైలు తెరిచి, మూత మూసినా పట్టించుకోవద్దు అని ఒకే ఒక్క వాక్యం రాశాను. ఆ వాక్యం ముందు ఒక చిన్న గుర్తు పెడితే అది లేనట్టే, గుర్తు తీసేస్తే ఉన్నట్టే అని చెప్పాను. అమ్మ తల ఊపింది.

"టాకా కుట్టు లాంటిదన్నమాట. కావాలంటే వేస్తాం, వద్దంటే లాగేస్తాం."

నేనైతే ఇంత బాగా చెప్పగలిగేదాన్ని కాదు. మిషను ఆపి మళ్ళీ వేశాం. అమ్మ పట్టీతో సహా చెయ్యి ఆనించింది. అత్త సుద్ద ఎత్తి పట్టుకుంది. తెర వెలుగుతూనే ఉంది. అమ్మ ఒక గీత గీసింది. ఆ పక్కన ఇంకొకటి. ఇక సాయంత్రం వరకు ఆమెను ఎవరూ లేపలేకపోయారు. నాన్న టీ పెట్టాడు.

శనివారం పదకొండుకి మేడం వచ్చింది. అమ్మ ముందుభాగం గీసింది, వెనకభాగం గీసింది, చంక వంపు తిప్పేటప్పుడు ఇక్కడ అందరూ తప్పు చేస్తారు అని చెబుతూ చెయ్యి గీసింది. మేడం చొక్కాని కాకుండా లాప్‌టాప్‌నే చూస్తోంది.

"ఇది ఆగలేదే! ఏం చేశారు?"

అమ్మ మేడం ఎడమ మణికట్టు వైపు చూసింది. నేనూ చూశాను. తోలుపట్టీ, నల్లటి బిళ్ళ, సూదులు.

"మీ కేంద్రంలో ఎంతమందికి ఉన్నాయండీ ఈ పట్టీలు?"

"అందరికీ ఉన్నాయి. మీవారి చేతిపనే కదా, అడగ్గానే చేసిచ్చారు."

మేం నాన్న కోసం చూశాం. నాన్న అప్పటికే పెరటి గుమ్మం దాకా వెళ్ళిపోయాడు.

"ఒక్కడివే ఎనిమిది కంప్యూటర్లా అన్నయ్యా!" అని అత్త కేక పెట్టింది.

అమ్మ మాత్రం నవ్వలేదు. కుర్చీ లాగి మేడంని పక్కన కూర్చోబెట్టుకుంది. నేను ముందుకు రాబోతే చేత్తోనే ఆగమంది. ముందురోజు నా పక్కన కూర్చుని నేర్చుకున్నట్టే తనే ఫైలు తెరిచి, వాక్యం వెతికి, ముందు ఆ చిన్న గుర్తు పెట్టింది. మిషను ఆపి మళ్ళీ వేసింది.

"ఇప్పుడు మీ చెయ్యి ఇక్కడ ఆనించండి. భయపడకండి. ఏం జరిగిందో చెప్పండి."

"ఆగిపోయింది!"

"ఆగలేదు. మూత మూశారనుకుని పడుకుంది. చెయ్యి తియ్యండి. ఇప్పుడు?"

మేడం చెయ్యి తీసింది, పెట్టింది, తీసింది. మూడోసారికి ఆవిడ కూడా నాన్నలాగే కిలకిలమని నవ్వుతోంది. తర్వాత అమ్మ ఆ గుర్తు ఎలా తియ్యాలో ఆవిడతోనే తీయించింది. తొందరపడి పక్క అక్షరం చెరిపితే, "నెమ్మదిగా. విప్పేటప్పుడు గుడ్డ చిరక్కూడదు" అంది.

మేడం వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"సోమవారం పదింటికి రండి, టీచరుగారూ. ముందు ఆ ఎనిమిదింటి పని పట్టండి. తర్వాత కత్తిరింపు."

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా మేం మర్యాదగా నిలబడ్డాం. తిరగ్గానే అత్త అమ్మని పట్టుకుని గిర్రున తిప్పింది. సూదులు రాలిపోతాయని అమ్మ అరుస్తోంది. నాన్న పెరట్లోంచి తల మాత్రం లోపలికి పెట్టాడు.

"రావచ్చా?"

"రండి. మీ కానుకే నాకు ఉద్యోగం ఇప్పించింది" అంది అమ్మ.

అంతా సద్దుమణిగాక అమ్మ లాప్‌టాప్ మూత మూసింది. చెవి ఆనించి విని నన్ను పిలిచింది.

"ఏమే, మూశాను కదా, ఇంకా లోపల ఫ్యాను తిరుగుతోందేంటి?"

"మూసినా పట్టించుకోవద్దని నువ్వే చెప్పావు కదమ్మా. నీ మాటే వింటోంది."

"అయ్యో, పాపం. మరి పడుకోమని ఎలా చెప్పాలి?"

చూపించాను. అమ్మ మెనూలో ఆ మాటని మెల్లగా కూడబలుక్కుని చదివి, దాని మీద నొక్కింది. తెర నల్లబడింది. అత్త సుద్ద కోసం చెయ్యి చాచేలోపే అమ్మ అందుకుని, బీరువా తలుపు మీద తన గీత తనే గీసుకుంది.