బస్సంత నీడ

ఆదివారం వచ్చిందంటే దుబాయిలోని జెబెల్ అలీ కూలీల క్యాంపులో పనులు ఎక్కువ, తీరిక తక్కువ. వారం దుమ్మంతా వదిలేలా బట్టలు ఉతుక్కోవాలి. పొయ్యి దగ్గర వంతు కోసం వాదులాడుకోవాలి. ఊరికి వీడియో కాల్ చేసి, బాగానే ఉన్నామని ముఖం చూపించాలి. క్షవరం చేయించుకోవాలి. ఈ చివరి పనికి మాత్రం రాజమౌళి కావాలి. ఆయనకు కత్తెర పట్టడం రాదు. ఊరికే నిలబడతాడు. క్యాంపు ఆవరణలో తూర్పు గోడ పక్కన ఆయన నిలబడ్డాడంటే బస్సంత నీడ పరుచుకుంటుంది. ఆ నీడలో ఒక మూల క్షవరాలు, ఒక మూల పేకాట, ఇంకో మూల చెవిలో ఫోను పెట్టుకుని పెళ్లాంతో పోట్లాట.

మనిషిని చూస్తే మాత్రం చొక్కాను కొక్కేనికి తగిలించినట్టే ఉంటాడు. అంత బక్కమనిషికి అంత నీడేమిటని అడిగినవాళ్లు లేరు. కొందరికి గురక ఉంటుంది, కొందరికి పులిపిర్లుంటాయి, రాజమౌళికి నీడ ఉంది. ఆయన పనిచేసే సైటుకు కంపెనీ ఎండ పరదాలు పంపడం ఎప్పుడో మానేసింది. ఉన్న ఇబ్బందులల్లా రెండే. ఆయన కూర్చుంటే నీడ కూడా ముడుచుకుని రుమాలంత అయిపోతుంది. ఇక రెండోది, ఆ నీడ అందరి మీదా పడుతుంది గాని ఆయన మీద పడదు.

పుట్టుకతో వచ్చిన నీడ కాదది. ఒకప్పుడు పెషావర్ నుంచి వచ్చిన ముసలి మేస్త్రీది. దుబాయి డేరా పేటలో ఏదో హోటలు కడుతుండగా ఆ మేస్త్రీ ఎండకు పడిపోతే, కొత్తగా వచ్చిన రాజమౌళి పరుగెత్తి చంకల కింద చేతులు వేసి లేపాడు. మేస్త్రీ లేవలేదు, నీడ లేచింది. ఎవరు ఎత్తితే వాళ్లది, అంతే. అప్పటినుంచి ఏటా సెలవడుగుతాడు. కంపెనీ ముదీర్, అదే మేనేజరు, చెడ్డవాడేం కాదు, భుజం మీద చెయ్యి వేసి మరీ చెబుతాడు, "ఈ ఎండాకాలం పోనీ రాజమౌళీ" అని. ఆ దేశంలో ఎండాకాలం పోవడమంటే ఏమిటో ఎండకూ తెలుసు, ముదీర్‌కూ తెలుసు. ఊళ్లో ఆయన భార్య కిష్టవ్వ ఫోనులో ఆయన ముఖం చూసినప్పుడల్లా ఒకటే మాట: "గింత నల్లగైనవేంది? జెరంత నీడపట్టున ఉండరాదయ్యా?"

ఆ ఆదివారం క్షవరానికి కూర్చున్నవాళ్లలో నరేశ్ ఒకడు. మెట్‌పల్లి దగ్గరి పల్లె, నోరు ఆగని మనిషి, క్యాంపులో ఎవరు ఏడుస్తున్నా వాణ్ణి పిలుస్తారు. వాడికి గురువారం విమానం. కల్పనతో లగ్గం. ముహూర్తం ఇప్పటికే రెండుసార్లు తప్పింది, రెండుసార్లూ కంపెనీ సెలవివ్వకనే. ఈసారీ తప్పితే ఇగ ఆగేది లేదు, వేరే సంబంధం చూసుకుంటామని కల్పన తండ్రి గట్టిగానే చెప్పాడు.

"మామా, నువ్వు గూడ నాతోని రారాదు" అన్నాడు నరేశ్, మెడ వంచి కత్తెర కింద పెట్టి. "నా లగ్గంల నువ్వు వాకిట్ల నిలబడితే పందిరి ఖర్చు తప్పుతది."

"ఆఁ, అక్షింతలు నా నెత్తిన బడుతయి" అన్నాడు రాజమౌళి. "పందిరేసుడు నేర్చుకో బిడ్డా. నా నీడను నమ్ముకొని లగ్గం పెట్టుకుంటే నీ మామ ఊకుంటడా?"

అందరూ నవ్వారు. రాజమౌళి కాళ్లకు చెప్పులున్నాయి. కొన్నాళ్లుగా పాదాలు వాచి బూట్లు పట్టడం లేదు. దానికి ఎవరూ నవ్వలేదు, అటు చూడనూ లేదు.

క్షవరాలు ముగియకముందే డ్రైవరు గులాం మొహిద్దీన్ బస్సు హారను కొట్టాడు. "యల్లా భాయ్, యల్లా! ఫుజైరా! ఫుట్‌బాల్!"

సంగతేమిటంటే, వీళ్ల కంపెనీ ఒక కాలేజీకి భవనం కడుతోంది. ఆ కాలేజీ పిల్లలు ఫుజైరా కాలేజీ మైదానంలో ఆట ఆడాలి. పరాయి ఊరికి ఆటకు పోతే వెంట అభిమానులు పోవాలి, లేకపోతే ఫోటోలో కుర్చీలు ఖాళీగా కనిపించి పరువు పోతుంది. కాలేజీ పిల్లలకేమో ఆ రోజు ఏసీ గదుల్లో అత్యవసర పనులున్నాయి. అందుకని క్యాంపు నుంచి అభిమానుల్ని పంపమన్నారు. తలా ఒక నీలం టీషర్టు, ఒక చిన్న జెండా, ఆట అయ్యాక బిర్యానీ. కరోనా వెళ్లిపోయిన మరుసటేడు మే నెల. మైదానంలో లైట్లు చెడిపోయాయని ఆట మధ్యాహ్నానికి మార్చారు. నడి ఎండలో పని ఆపాలన్న నిబంధన జూన్‌లో గాని మొదలు కాదు. అయినా ఇది పని కాదుగా, అభిమానం.

వచ్చిన జట్టువాళ్లు కూర్చునే మెట్లకు కప్పు ఉండదని ముందే తెలుసు. అందుకే "రాజమౌళి తప్పనిసరి" అని కాలేజీ తరఫు శ్యాంప్రసాద్ ఫోను చేసి మరీ చెప్పాడు.

"మనది నీలం జట్టు, గుర్తుంచుకోండి!" అని కూడా చెప్పాడు. గుర్తుంచుకున్నారు.

బస్సు కొండల్లోంచి దిగుతుంటే నరేశ్ పక్కన సూరిబాబు కూర్చున్నాడు. రాజోలు మనిషి, ఎప్పుడూ ఎవరినో ఒకరిని గిల్లుతూ ఉంటాడు.

"పెళ్లికొడుకుగారూ, గోలంటే ఏంటో తెలుసా మీకు?"

"బంతి వలల పడుడు."

"ఆయ్. అచ్చం మన వీసాలాగే. పడ్డాక బయటికి రావడం దాని చేతుల్లో ఉండదు."

"నాది గురువారం బయట పడుతది తియ్."

"పడాలనే కోరుకుందారి" అన్నాడు సూరిబాబు, నిజంగానే.

మైదానానికి పడమటి వైపు ఆ ఊరి కాలేజీ జనం. వాళ్ల తలల మీద తెల్లటి పెద్ద కప్పు, చేతుల్లో చల్లటి సీసాలు. తూర్పు వైపు వీళ్లకు ఇనుప మెట్లు. ముందుగా కూర్చున్న సూరిబాబు కూర్చున్నంత వేగంగా లేచాడు.

"ఓర్నాయనో! ఇది కుర్చీ కాదు, అట్ల పెనం!"

"తిరగెయ్యన్నా, రెండో దిక్కు గూడ కాలాలె" అన్నాడు నరేశ్.

రాజమౌళి కిందికి దిగి కంచె పక్కన ఎండకెదురుగా నిలబడ్డాడు. వెనక మెట్ల మీద బస్సంత నీడ పరుచుకుంది. కాసేపటికి ఇనుము చల్లారింది. అందరూ కూర్చున్నారు. "మొదటి సగం నిలవడుత" అన్నాడు ఆయన వెనక్కి తిరక్కుండానే. "నడుమ జెరసేపు కూసుంట. అప్పుడు మీరు జెండాలు కప్పుకోండ్రి."

ఆట మొదలైంది. ఒక జట్టు నీలం, ఒక జట్టు తెలుపు. వీళ్లకు ఆట రాకపోయినా అరవడం వచ్చు. స్లాబు పోసేటప్పుడు క్రేను మీదివాడికి వినబడేలా అరిచిన గొంతులవి. నీలం వాడికి బంతి తగిలితే చాలు, మైదానం అదిరింది. నీలం వాళ్లు గోలు కొట్టారు. వీళ్లు మెట్లు విరిగేలా ఎగిరారు. ఇంకో గోలు కొట్టారు. సూరిబాబు ఎవరినో ముద్దు పెట్టుకున్నాడు. విచిత్రం, ఎదుటి కప్పు కింది జనం లేచి వీళ్ల వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. ఒకాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగి నమస్కరించాడు కూడా.

"ఎంత మర్యాదస్తులండీ! ఓడిపోతూ కూడా!" అన్నాడు సూరిబాబు.

సరిగ్గా సగం ఆటకు శ్యాంప్రసాద్ కారు దిగాడు. మెడలో బిళ్ల, కళ్లద్దాలు, ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఎవరికయ్యా మీరు అరుస్తున్నది?"

"నీలానికి సార్. మీరే చెప్తిరి గదా" అన్నాడు నరేశ్.

"మనవాళ్లు తెలుపయ్యా ఇవాళ! రెండు కాలేజీలదీ నీలమే. అలాంటప్పుడు వచ్చిన జట్టు వేరే రంగు తొడుక్కోవాలి. ఇది ఆటలో పద్ధతి. ప్రపంచమంతటికీ తెలుసు!"

"మరి మాకూ తెల్లవే ఇవ్వాలి కదండీ" అన్నాడు సూరిబాబు వినయంగా. "మేం కూడా వచ్చినవాళ్లమే."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతోనే చెడింది. శ్యాంప్రసాద్‌ది కూడా ఉద్యోగమే. ఫోటోలు అప్పటికే పైవాళ్లకు వెళ్లిపోయాయి. నీలానికి జెండాలూపుతున్న తమ అభిమానుల్ని పైవాళ్లు చూసేశారు.

"ఇక్కడ వద్దు. రెండో సగం మొత్తం గోలు వెనకాల నిలబడండి. మన పిల్లలకు మీ గొంతులు దగ్గరగా వినబడాలి. ఒక్కడు కూర్చున్నా బిర్యానీ బస్సెక్కదు. మనవాళ్లు గెలిచాకే తిండి."

"సార్, రాజమౌళి మామ జెరంత కూసుంటడు" అన్నాడు నరేశ్. "కాళ్లు జూడుండ్రి."

శ్యాంప్రసాద్ కాళ్ల వైపు చూడబోయి, నీడ వైపు చూశాడు. "ఆయన కూర్చుంటే మీరంతా ఎలా నిలబడతారు?"

రాజమౌళే ముందు నడిచాడు.

గోలు వెనక మెట్లు ఇంకా వెడల్పు. పడమటి చివర ఆయన నిలబడితే, రెండో చివరి వాళ్లకు నీడ అందలేదు. వాళ్లు ఒకరి మీద ఒకరు పడుతూ ఇటు జరిగారు. అది చూసి రాజమౌళి రెండు చేతులూ బారగా చాపాడు. నీడ రెక్కలు విప్పింది. అందరికీ అందింది.

"దించు మామా చేతులు" అని నరేశ్ రెండుమూడుసార్లు అన్నాడు.

"నువ్వు అరువు పోరగా. ఆకలైతుంది నాకు."

అరిచారు. తెలుపు, తెలుపు అని గొంతులు చిరిగేలా అరిచారు. పడమటి కప్పు కింద గుండె మీద చెయ్యి పెట్టుకున్న ఆయన నోరు తెరిచి చూస్తుండిపోయాడు. తెల్ల చొక్కాల పిల్లలకు ఊపొచ్చింది. ఒక గోలు, కాసేపటికి ఇంకోటి. లెక్క సమమైంది. ఆట చివరికొచ్చింది. బంతి గాలిలోంచి వంకర తిరిగి వచ్చి వీళ్ల కళ్ల ముందే వలలో పడింది.

"గోల్!" అని అందరూ ఒక్కసారి గాలిలోకి లేచారు. కిందికి దిగేసరికి నెత్తి మీద ఎండ పడింది.

అరుపు సగంలో ఆగిపోయింది.

రాజమౌళి కింది మెట్టు మీద బోర్లా పడి ఉన్నాడు. చెంప ఇనుముకు ఆని ఉంది. పక్కన రుమాలంత నీడ వణుకుతోంది. అందరూ చుట్టూ మూగారు, చేయి చాపితే అందేంత దగ్గరకు. ఎవరూ చేయి చాపలేదు. ఎవరు ఎత్తితే వాళ్లదని అందరికీ తెలుసు. సూరిబాబు వంగి తన బూటు తాడు విప్పి, మళ్లీ కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఎవరో "అంబులెన్స్, అంబులెన్స్" అన్నారు. శ్యాంప్రసాద్ ఫోను చెవిన పెట్టుకుని దూరంగా పరుగెత్తాడు. మైదానంలో తెల్ల చొక్కాల పిల్లలు ఒకరి మీద ఒకరు పడి దొర్లుతున్నారు.

నరేశ్ ఆయన తల దగ్గర మోకాళ్ల మీద కూలబడ్డాడు. మోకాళ్లు చుర్రుమన్నాయి.

"మామా."

రాజమౌళి కళ్లు తెరిచాడు. "ముట్టకు."

"మామా, చెంప కాలుతుంది..."

"నువ్వు ముట్టకు బిడ్డా. లగ్గం పిలగానివి. ఇంకెవరన్న... ఎవరన్న..."

నరేశ్ తలెత్తి చూశాడు. ఆ ముఖాల్లో ఒక్కటీ చెడ్డ ముఖం లేదు. ఒకడికి పసిపిల్ల, ఒకడికి మంచం పట్టిన తల్లి, ఒకడికి సగం కట్టిన ఇల్లు. అందరికీ ఏదో ఒక గురువారం ఉంది.

రుమాలంత నీడ అరచేతంత అయింది. ఇనుము మీద ఆనిన చెంప నుంచి సన్నగా వాసన వచ్చింది.

నరేశ్ చంకల కింద చేతులు వేసి ఆయన్ను ఎత్తి ఒళ్లో వేసుకున్నాడు. ఎంత తేలిక! ఇంతసేపూ బరువంతా నీడదేనేమో అనిపించింది. నరేశ్ అలాగే ఆయనతో లేచి నిలబడ్డాడు.

వెనక మెట్ల మీద బస్సంత నీడ పరుచుకుంది.

కాస్త కాస్త జరిగి, అందరూ అందులోకి వచ్చి నిలబడ్డారు. సూరిబాబు అందరికంటే చివర వచ్చాడు, ఏడుస్తూ.

బిర్యానీ ఇచ్చారు. గెలిచారు కదా.

రాజమౌళి గురువారం ఊరికి పోయాడు, పెట్టెలో. నరేశ్ ఎక్కాల్సిన విమానంలోనే. నరేశ్ కోసం ముదీర్ స్వయంగా క్యాంపుకు వచ్చాడు, చెడ్డవాడేం కాదు. భుజం మీద చెయ్యి వేశాడు. చాలా బాధగా ఉందన్నాడు. సెలవు ఎక్కడికీ పోదన్నాడు. "ఈ ఎండాకాలం పోనీ నరేశ్."

మరుసటి ఆదివారం పొద్దుటే ముహూర్తం దాటిపోయింది. ఆ తర్వాత కల్పన ఫోను చేసింది. ఆవరణలో తూర్పు గోడ పక్కన నిలబడి ఉన్నాడు నరేశ్. వెనకాల కత్తెర చప్పుడు, పేకముక్కల చప్పుడు.

"మా బాపు ఇంకో సంబంధం తెచ్చిండు" అంది కల్పన. ఆమె ఫోను దగ్గరకు పెట్టుకుని అతని ముఖంలోకి చూసింది. "గట్ల నల్లవడ్డవేంది? నెత్తి మీద ఎండ... జెర నీడకన్న పోరాదు?"

నోరు ఆగని నరేశ్ ముందు వెనక్కి తిరిగి, నీడలో కూర్చున్నవాళ్లను చూశాడు.

"నీడలనే ఉన్నం కల్పనా" అన్నాడు. "అందరం నీడలనే ఉన్నం."

వెనకనుంచి సూరిబాబు సన్నగా దగ్గాడు. "నరేశూ, ఏమనుకోకమ్మా... ఒక్క అడుగు ఎడమకి జరుగుతావా?"

నరేశ్ జరిగాడు.