వద్దన్నవారికి వడ్డన

అమెరికాలోని ఫ్రిస్కో ఊళ్లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ లీగ్‌లో ‘శనివారం సంఘం’ అనే జట్టు ఉందంటే కొత్తవాళ్లు అదేదో ఉపవాసాలు చేసేవాళ్ల బృందం అనుకునేవారు. నిజానికి జట్టు పెట్టిన రోజున ఆంధ్రవాళ్లు చెప్పిన పేరు తెలంగాణవాళ్లకూ, తెలంగాణవాళ్లు చెప్పింది ఆంధ్రవాళ్లకూ నచ్చలేదు. ఆట ఏ రోజున అన్నదాని మీద మాత్రమే అందరికీ మాట కలిసింది. జట్టు పెట్టిన చక్రపాణి దాన్నే పేరుగా ఖాయం చేశాడు.

చక్రపాణి వేసవికి ముందు పోయాడు. ఆయన ఈల ఇప్పుడు భార్య ఛాయాదేవి మెడలో ఉంది. ఆమె మిడిల్ స్కూల్లో లెక్కలు చెబుతుంది. వారంలో ఐదు రోజులను బడి చూసుకుంటుంది. ఆదివారం పేపర్లు దిద్దుకోవచ్చు. శనివారాన్ని మాత్రం ఈ జట్టే చూసుకోవాలి. కానీ ఈ సీజన్‌లో ఒక్క ఆటైనా గెలవకపోతే సంఘం చోటు వేరే జట్టుకు ఇచ్చేస్తామని లీగ్‌వాళ్లు మర్యాదగానే చెప్పారు. ఇక మిగిలింది ఒక్క ఆట.

ఓడిపోవడానికి సంఘానికి చేతకానితనం ఒక్కటే కారణం కాదు. మైదానం మధ్యలో వాళ్లు బాగానే ఆడేవారు. క్వార్టర్‌బ్యాక్ శ్రీధర్ ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లకు బంతి విసిరేవాడు. అలా చకచకా చివరి ఇరవై గజాలకు, అంటే రెడ్ జోన్‌కు, చేరుకునేవారు. అక్కడికి రాగానే జట్టుకు పక్షవాతం వచ్చినట్టయ్యేది. టచ్‌డౌన్ కోసం బంతి దాటించాల్సిన చివరి గీతకు బాగా దగ్గరైతే పరుగెత్తకూడదనీ, బంతి విసిరే దాటించాలనీ ఈ లీగ్‌లో నియమం. శ్రీధర్ విసిరేవాడు. ప్రతిసారీ అవతలివాళ్ల చేతుల్లో పడేది.

ఆ మంగళవారం ప్రాక్టీసులోనూ అదే జరిగింది. ఛాయాదేవి ఈల ఊదింది.

“శ్రీధర్, అనూప్ పక్కన ఎవరూ లేరు. కనపడలేదా?”

“కనపడ్డాడు వదినా.”

“మరి?”

“బావగారు చెయ్యెత్తారు.”

“ఆయన చుట్టూ ముగ్గురున్నారయ్యా.”

“ఉన్నారు. కానీ ఆయన చెయ్యెత్తారు కదా.”

అనూప్ నడుముకు వేలాడే రిబ్బన్లు సర్దుకుంటూ వచ్చాడు; ఈ ఆటలో మనిషిని పడెయ్యరు, ఆ రిబ్బను లాగి ఆపుతారు. జట్టులో అందరికంటే చిన్నవాడు, అందరికంటే వేగం. “నాకు అలవాటైపోయింది మేడం. నేనక్కడ చెయ్యెత్తితే, ఫుల్ లోడ్‌తో పోయే బస్సుకు చెయ్యెత్తినట్లే ఉంటది. డ్రైవర్ చూస్తడు, పోతనే ఉంటడు.”

బావగారంటే శేషగిరి, శ్రీధర్ అక్క త్రివేణి భర్త. శ్రీధర్ కొత్త ఇంటి గృహప్రవేశంలో ఎవరో తెలియక బావగారికంటే ముందు ఇల్లు ఇప్పించిన ఏజెంటుకు గారెలు వడ్డించారు. శేషగిరి భోంచేశాడు, అక్షింతలు వేశాడు, వెళ్లిపోయాడు. ఆ తరువాత రెండు దీపావళులకు త్రివేణి ఒక్కతే వచ్చింది. ‘ఆయనకు ఆఫీస్‌లో రిలీజ్ ఉందిరా’ అంది. దీపావళి రోజే రిలీజ్ పెట్టే కంపెనీ ఏదో శ్రీధర్ అడగలేదు.

ఛాయాదేవికి విషయం బోధపడింది. మైదానం మధ్యలో ఎవరికి విసిరినా అది పని. గీత దగ్గర విసిరితే అది మర్యాద. టచ్‌డౌన్ అనే మొదటి గారె బావగారికి తప్ప ఇంకొకరికి వేసే ధైర్యం శ్రీధర్‌కు ఈ జన్మలో రాదు. ఈ సంగతి లీగ్‌లో అన్ని జట్లకూ తెలిసిపోయింది. రెడ్ జోన్ రాగానే ముగ్గురు వెళ్లి శేషగిరిని చుట్టుముట్టేవారు. ఆయన దాన్ని కూడా గౌరవంగానే తీసుకునేవాడు.

శ్రీధర్‌ను కోప్పడి లాభం లేదు. శేషగిరిని పక్కన కూర్చోబెడితే త్రివేణి, ఆమె తెచ్చే కుర్చీలు, నీళ్లు, పులిహోర, అన్నీ పక్కకు పోతాయి. ఒక అతిథి అలగకుండా ఆయన్ని దాటి పక్కవాడికి వడ్డించడం ఎప్పుడు సాధ్యం? ఛాయాదేవి రెండు రోజులు ఆలోచించి, గురువారం సాయంత్రం శేషగిరి ఇంటికి వెళ్లింది.

“శేషగిరిగారూ, పెళ్లి పంక్తిలో వడ్డించేవాడు ముందు మీ దగ్గరికే వచ్చాడనుకోండి. మీరేమంటారు?”

“‘ముందు అటు చూడవయ్యా’ అంటాను. చెయ్యి అడ్డం పెడతాను. పెద్దరికం అంటే అదే కదమ్మా.”

“గీత దగ్గర కూడా ఆ పెద్దరికం మీరే చూపించాలి.”

ఆయనకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. త్రివేణికి వెంటనే అర్థమై, నవ్వుకోవడానికి వంటింట్లోకి వెళ్లింది.

“అంటే, నాకు బాల్ వెయ్యొద్దంటారు?”

“నేననను. మీరనాలి. మీరు వద్దంటే తప్ప శ్రీధర్‌కు ఇంకొకరి వైపు చూసే ధైర్యం రాదు.”

శేషగిరి కాసేపు గడ్డం నిమురుకున్నాడు. “అయితే రెడ్ జోన్‌లో మన ఆట మొత్తం నా చేతి మీదుగా నడుస్తుందన్నమాట.”

“అక్షరాలా.”

“త్రివేణీ, ఛాయగారికి కాఫీ ఇచ్చావా?” అన్నాడాయన, కుర్చీలో నిటారుగా కూర్చుని.

శుక్రవారం ప్రాక్టీసులో శేషగిరి గీత అవతలి ఎండ్ జోన్‌లోకి హుందాగా నడిచి, కనిపించని విస్తరి మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. శ్రీధర్ ముఖంలోంచి పెద్ద బరువు దిగింది. బంతి అనూప్‌కు వెళ్లింది. మళ్లీ వెళ్లింది. ఆ తరువాత చిక్కు వచ్చింది. శేషగిరికి దక్కుతున్న గౌరవం చూసి డెంటిస్ట్ రాజీవ్ కూడా చెయ్యి అడ్డం పెట్టాడు. అనూప్ కూడా పెట్టాడు. చివరికి ఎండ్ జోన్ నిండా కడుపు నిండినవాళ్లే నిలబడ్డారు. శ్రీధర్ బంతి పట్టుకుని ఒక్కొక్కరినీ చూశాడు. అది చివరకు ఎవరికీ కాకుండా మధ్యలో పడింది.

ఛాయాదేవి ఈల ఊదింది. “వద్దనే హక్కు శేషగిరిగారొక్కరిదే. మిగతావాళ్లు ఆకలితో ఉండాలి.”

“విన్నారా?” అన్నాడు శేషగిరి అందరితో.

మళ్లీ మొదలుపెట్టారు. అడ్డం పెట్టిన ఆ చెయ్యిని చూస్తూ ఉండి, ఆమె ఒక్కసారి వంగి బూటు ముడి సరిచేసుకుంది. చక్రపాణికీ ఆ అలవాటు ఉండేది. కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆమె వేళ్ల సందుల్లోంచి పప్పుచారు పోసేది. డాక్టరు తగ్గించమన్నాక ఆమె పోయడం మానేసింది. చివరిసారి భోజనంలోనూ ఆయన చాలన్నాడు. గరిటె గిన్నెలోనే ఉండిపోయింది.

ముడి గట్టిగానే ఉంది. ఆమె లేచి నిలబడింది.

మర్నాడు ఆట టోల్‌వే టైటాన్స్‌తో. వాళ్లందరూ తలుపుల్లో వంగి నడవాల్సినంత పొడుగు. మొదటిసారి రెడ్ జోన్‌కు రాగానే అలవాటు ప్రకారం ముగ్గురు శేషగిరి దగ్గరికి పరుగెత్తారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. అనూప్ ఒంటరిగా బంతి అందుకుని, నిజంగా తనకేనా అన్నట్టు వెనక్కి చూశాడు. రెండోసారి రాజీవ్ అందుకున్నాడు. టైటాన్స్ కూడా తక్కువ తినలేదు. ఆట ముగింపుకు వచ్చేసరికి వాళ్లు ఐదు పాయింట్లు ముందున్నారు. సంఘం గీత దగ్గర ఉంది. ఆరు పాయింట్ల టచ్‌డౌన్ ఒక్కటి చేస్తే గెలుపు. ఒక్క అవకాశం మిగిలింది.

అప్పుడు టైటాన్స్ కెప్టెన్‌కు వెలిగింది. చెయ్యి చాపి నిలబడే ఆ పెద్దాయనకు ఎప్పుడూ వెయ్యరు, ఆయన్ని వదిలెయ్యండని తనవాళ్లకు ఇంగ్లీషులో అరిచి చెప్పాడు. ముగ్గురూ అనూప్, రాజీవ్‌ల మీదికి వెళ్లిపోయారు. ఎండ్ జోన్ మూలన శేషగిరి ఒక్కడే, చుట్టూ ఒక్క నరపురుగు లేకుండా, విస్తరి మీద చెయ్యి పెట్టి ప్రశాంతంగా ఉన్నాడు.

శ్రీధర్ బావగారి వైపు చూశాడు. బావగారు వద్దన్నారు. అనూప్ వైపు చూశాడు. అనూప్ కనపడటమే లేదు.

ఛాయాదేవి మైదానం అంచుకు వచ్చేసింది. తరగతిలో కూడా ఎన్నడూ ఎత్తని గొంతు ఎత్తింది.

“శ్రీధర్, ఆయన వద్దంటే ఊరుకుంటావా?”

ఆ మాట తెలుగువాడికి విడమరిచి చెప్పనక్కర్లేదు. శ్రీధర్ చెయ్యి దానంతటదే లేచింది. తన వైపు వస్తున్న బంతిని చూసి శేషగిరి నిజంగానే కంగారుపడ్డాడు. “వద్దు వద్దు వద్దు” అంటూనే ఉన్నాడు. బంతి అరచేతికి తగిలి, ఎగిరి, పొట్టమీద పడింది. ఆయన రెండు చేతులా కావలించుకుని కూర్చుండిపోయాడు. టచ్‌డౌన్ అన్నట్టు రిఫరీ చేతులు పైకెత్తాడు.

“ఇక ఇంట్లో ఈయన్ని ఎవరు భరిస్తారు వదినా?” అంది త్రివేణి, కుర్చీలోంచి లేచి.

కార్ల వెనక నీడలో పులిహోర ట్రేలు తెరిచారు. బంతికి దెబ్బతిన్న వేలికి ఐస్ కట్టుకుని శేషగిరే అందరికీ వడ్డించాడు.

“నేను వద్దన్నాను కదోయ్,” అన్నాడు శ్రీధర్‌తో. అది మూడోసారి.

“మీరు వద్దంటే మేం వింటామా బావగారూ?”

“సీజన్ ఖతమయింది కదా మేడం,” అన్నాడు అనూప్. “వచ్చే శనివారం ఏం చేద్దాం?”

“ప్రాక్టీస్,” అంది ఛాయాదేవి. “మనం మైదానం మధ్యలో కూడా అంత గొప్పగా ఏం లేం.”

శేషగిరి ఆమె దగ్గరికి వచ్చి ఒక గరిటె వేశాడు. రెండోది ఎత్తాడు.

“చాలండీ,” అని ఆమె ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

ఆయన గరిటె ఎత్తి పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఆమె చెయ్యి తీసేసింది.