ఖాళీ వేళ్ళు

తెల్లవారగానే ఇస్త్రీ అక్క చేసే మొదటి పని పెట్టెలో బొగ్గులు రాజెయ్యడం. రెండోది అత్తగారి మంచం కింద చెయ్యిపెట్టి నేల తడిసిందేమో చూడటం. వీధి వెంబడే మురుగు కాలువ. గట్టిగా నాలుగు చినుకులు పడితే చాలు, పిలవని చుట్టంలా ఇంట్లోకి వచ్చేస్తుంది. అందుకే మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టారు. మంచం దిగాలంటే అత్తగారు కోడలి భుజం పట్టుకోవాలి. ఎక్కాలంటే కోడలినీ, దేవుణ్ణీ ఇద్దర్నీ పట్టుకోవాలి.

అత్తగారి వేళ్ళన్నీ నల్లగా ఉంటాయి. ఆ ఊళ్ళో ఓటు వేసినప్పుడు వేలికి పెట్టే సిరా సబ్బుకి పోదు, రాయితో రుద్దినా పోదు. ఓటు అడిగినవాళ్ళు ఇచ్చిన మాట తీరిన రోజున దానంతటదే పోతుంది. వీధి దీపాల మాట ఆవిడ చిటికెన వేలి మీద ఉంది. కుళాయి నీళ్ళ మాట బొటనవేలి మీద ఉంది. కాలువకి గోడ కట్టిస్తామన్న మాట రెండు చేతుల మీదా ఉంది, అది చాలామంది ఇచ్చారు మరి. కిందటిసారి ఓటుకి వెళ్తే అక్కడి అధికారి ఆవిడ చేతులు తిప్పి తిప్పి చూశాడు.

"సిరా పెట్టడానికి చోటు లేదమ్మా."

"కాలి వేళ్ళున్నాయి కద నాయనా?"

"కాళ్ళకి రూలు ఒప్పుకోదమ్మా."

ఇస్త్రీ అక్కకి ఇంకా కొన్ని వేళ్ళు మిగిలాయి. చూపుడు వేలి మీద మాత్రం వార్డు మెంబరుగారి మాట ఉంది. కిందటి ఎన్నికలప్పుడు ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, ఆ కాలువ నీళ్ళలోనే నిలబడి అన్నాడు: "అక్కా, ఇకమీదట ఈ వీధిలో ఒక్క ఇంట్లోకీ నీళ్ళు రావు. ఇది నా మాట." అప్పుడు ఆయన గొంతు వణికింది. అబద్ధమైతే గొంతెందుకు వణుకుతుందని ఇస్త్రీ అక్క నమ్మేసింది. ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసేదీ ఆవిడే. ఆయన కాలరు నలిగితే తనకే నామోషీగా ఉండేది.

మళ్ళీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఒక పొద్దున ఆయన తెల్ల చొక్కా బల్ల మీద పరిచి, కాలరు సర్దబోతూ ఆవిడ ఆగిపోయింది. వేలి మీద సిరా లేదు.

"అత్తా!" అని లోపలికి పరుగెత్తింది. అత్తగారు అప్పటికే లేచి కూర్చుని, రెండు చేతులూ కళ్ళ ముందు పెట్టుకుని చూసుకుంటోంది. పది వేళ్ళూ అప్పుడే పుట్టిన పిల్ల వేళ్ళలా ఉన్నాయి.

వీధి వీధంతా బయటికొచ్చేసింది. ఒకళ్ళ వేళ్ళు ఒకళ్ళకి చూపించుకోవడమే. టీ కొట్టాయన ఆ పూట అందరికీ ఊరికే టీ పోశాడు. అంత పిసినారి చెయ్యి జారిందంటే మామూలు విషయం కాదు. స్తంభానికి బల్బు లేదు, కుళాయిలోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు.

"సామాను దారిలో ఉండి ఉంటుందిలే," అన్నాడు టీ కొట్టాయన. నిజమే కాబోలనుకున్నారు. ఇస్త్రీ అక్క మంచం కింది ఇటుకలు తీసేసింది. అత్తగారు ఎవరి సాయం లేకుండా మంచం దిగి, గడప దాకా నడిచి వెళ్ళి, "ఈసారి నేనూ ఓటేస్తానే," అంది.

మధ్యాహ్నం మున్సిపాలిటీ మనిషి ఎర్ర రంగు డబ్బాతో వచ్చాడు. ప్రతి గోడ మీదా ఒక గుర్తు గీసుకుంటూ పోయాడు. కాలువ వెడల్పు చేస్తున్నారట. వీధి మొత్తం తీసేస్తారట. పొద్దున్నే సంతకమైందట.

ఇళ్ళు పోయినవాళ్ళకి పై పేటలో గదులిస్తారని ఎవరో అంటే, ఇస్త్రీ అక్క అత్తగారిని రిక్షాలో కూర్చోబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి గుమాస్తా మంచివాడే. అత్తగారికి కుర్చీ వేయించాడు. ఇద్దరి చేతులూ వెలుతురులో పెట్టి చూశాడు.

"వేలి మీద గుర్తు ఉన్నవాళ్ళకేనమ్మా గదులు. తీరని మాట ఉన్నట్టు రుజువు కావాలి కదా. మీకు అన్నీ తీరిపోయాయి."

"ఏం తీరాయి బాబూ? దీపం లేదు, కుళాయిలో నీళ్ళు లేవు."

"కాగితాల్లో వీధే లేదు కదమ్మా, ఇంక దీపం ఎక్కడ వెయ్యాలి?" అన్నాడు గుమాస్తా, బాధగానే. కాస్త ఆలోచించి గొంతు తగ్గించాడు. "ఎన్నికలు వస్తున్నాయి కదా, ఎవరిచేతైనా కొత్త మాట ఇప్పించుకోండి. ఏదైనా పరవాలేదు. సిరా పడగానే రండి, నేను చూస్తాను."

మిగతా పార్టీల వాళ్ళు ఆ వీధి మొహం చూడటం మానేశారు. లేని వీధికి మాటేమిటి? ఇక మిగిలింది మెంబరుగారే. ఇస్త్రీ చేసిన చొక్కాలు పట్టుకుని అత్తాకోడళ్ళు ఆయన ఇంటికి వెళ్ళారు. వరండా నిండా పూలదండలు. మాట నిలబెట్టుకున్న మనిషని ఊరంతా ఆయన్ని పొగుడుతోంది. వీళ్ళని చూడగానే గబగబా ఎదురొచ్చి అత్తగారి చేతులు రెండూ పట్టుకున్నాడు. ఆ శుభ్రమైన వేళ్ళు చూసి ఆయనకి నిజంగానే కళ్ళు చెమర్చాయి.

"చూశావా అక్కా? ఒక్క ఇంట్లోకీ నీళ్ళు రానివ్వనన్నాను. ఇంక రావు."

"మాకు ఇల్లే లేకుండా పోతోంది బాబూ. పై పేటలో గది ఇప్పిస్తానని ఒక్క మాట అను. అంటే చాలు."

మెంబరుగారి మొహం వాడిపోయింది. "ఆ గదులు నా చేతిలో లేవక్కా. చెయ్యలేని పనికి మాట ఎలా ఇవ్వను? ఇన్నాళ్ళకి జనం నన్ను నమ్ముతున్నారు."

ఇస్త్రీ అక్కకి ఏడుపు తన్నుకొచ్చింది. కోపమొచ్చినా బాగుండేది, కానీ ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి ఏమీ దొరకలేదు. చొక్కాలు మడత చెడకుండా బల్ల మీద పెట్టింది.

అత్తగారు మాత్రం ఆయన పట్టులోంచి చేతులు విడిపించుకుంది. తన వేళ్ళు పదీ ఆయన ముందు చాపింది.

"ఒక్క అబద్ధం చెప్పు నాయనా," అంది. "ఇన్నేళ్ళూ వాటితోనే బతికాం."

ఆయన తల దించుకున్నాడు గాని చెప్పలేదు. మాట తప్పని మనిషాయె.